పనస చెట్టు, జీడి నూనె తాగిన రంపం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉండేది కాదు. ఇరవై ఒక్క ఏళ్ళ వాడికి ప్రపంచాన్ని మొత్తం విప్పి, తుడిచి, మళ్ళీ బిగించెయ్యగలనన్న నమ్మకం ఉంటుంది చూడండి, అది నాకు కాస్త ఎక్కువ మోతాదులోనే ఉండేది. పలాసలో మోటార్లు, మందు కొట్టే పంపులు బాగుచేసే షాపులో పనికి చేరి అప్పటికి ఏడాదిన్నర. ఎవరు ఏం చెప్పబోయినా సగంలోనే "తెల్సు, తెల్సు" అని చెయ్యి అడ్డం పెట్టేసేవాణ్ణి. అందుకే మా గురువుగారు (షాపు ఓనరు, పానా నెంబరు చూడకుండా చేత్తో తడిమి చెప్పగల మనిషి) నాకు 'తెల్సు గాడు' అని పేరు పెట్టారు. ఆ పేరు షాపులోనే ఆగిపోయి ఉంటే బాగుండేది. బస్సెక్కి మా మేనత్త వాళ్ళ ఊరి దాకా వెళ్ళిపోయింది. అప్పట్లో ఎవరైనా అలా పిలిస్తే ఒళ్ళు మండేది. ఇప్పుడు అదే వీధిలో నాకు సొంత షాపుంది, బోర్డు మీద నా పూర్తి పేరుంది, అందరూ మర్యాదగా ఆ పేరుతోనే పిలుస్తారు. మధ్యాహ్నం బేరాలు లేని వేళల్లో మాత్రం, ఎవరైనా వెనక నుంచి వచ్చి "ఒరే తెల్సూ" అంటే బాగుండునని ఉంటుంది.

ఆ ఏడు వచ్చిన తుఫాను గురించి మా ఉద్దానం వాళ్ళకి చెప్పనక్కర్లేదు, బయటివాళ్ళకి ఎంత చెప్పినా అందదు. కొబ్బరి తోటలూ జీడి తోటలూ ఒక్క పూటలో నేలకి ఒరిగిపోయాయి. మా మేనత్త వాళ్ళ అరుగు మీద కూర్చుంటే అంతకు ముందు ఎటు చూసినా ఆకులే కనిపించేవి, తుఫాను వెళ్ళిన మర్నాడు సముద్రం కనిపించింది. ("ముప్పయ్యేళ్ళు కాపరం సేసినాను, ఇదింత దగ్గరున్నాదని నాకు తెలీనేదు" అంది అత్త.) దారులన్నీ పడిపోయిన మానులతో నిండిపోయాయి. గొడ్డళ్ళు సరిపోలేదు, గొడ్డలి పట్టేవాళ్ళు అసలే సరిపోలేదు. అప్పుడు మా గురువుగారు విశాఖపట్నం వెళ్ళి చెట్లు కోసే మిషన్లు రెండు తెచ్చారు. పెట్రోలుతో నడిచేవి, పొడుగాటి ఇనుప పట్టీ చుట్టూ పళ్ళ గొలుసు గిర్రున తిరిగేవి. అంతకు ముందు మా షాపులో ఎవరూ వాటిని ముట్టుకున్నది లేదు. అయినా నాకు తెలుసు కదా!

ఊరికి బయల్దేరే ముందు గురువుగారు మిషను బల్ల మీద పెట్టి నాకు పాఠం చెప్పారు. "ఇదిగో, ఈ మూత పెట్రోలుది. ఈ రెండో మూత గొలుసు నూనెది. గొలుసు తిరిగినంతసేపూ ఈ నూనె సన్నంగా పట్టీ మీదకి రావాల. రానేదనుకో..." అని ఆయన ఇంకా అంటూ ఉండగానే "తెల్సు గురూగారూ" అని మిషను భుజాన వేసుకున్నాను. 'రానేదనుకో' తరవాత ఏముందో ఆ మర్నాడు మధ్యాహ్నానికి నాకు స్వయంగా తెలిసివచ్చింది. గొలుసు నూనె కోసం ఆయన ఇచ్చిన లీటరు డబ్బా మందస దాకా నాతోనే ఉంది. అక్కడ ఎక్కిన ఆటోలోంచి మాత్రం నేను దిగాను, అది దిగలేదు.

మా అత్త మొగుడు, అంటే మావ ఉన్నాడు చూడండి, ఉద్దానంలో చాలామందికి వచ్చిన జబ్బే ఆయనకీ వచ్చింది. కిడ్నీలు పనిచెయ్యడం మానేశాయి. రోజు విడిచి రోజు పలాస ఆసుపత్రికి వెళ్ళి రక్తం కడిగించుకుని వచ్చేవాడు. ఆయన దాన్ని 'సర్వీసింగు' అనేవాడు. "మీ షాపుకి ఎన్ని మోటార్లొత్తాయో తెలీదు గానీ అల్లుడా, మా షాపు మాత్రం ఎప్పుడూ ఖాళీ ఉండదు" అని నవ్వేవాడు. రోజు మొత్తానికి ఆయన తాగాల్సిన నీళ్ళు ఒక చిన్న సీసాలో కొలిచి పెట్టేది అత్త. పళ్ళు తినకూడదు, కొబ్బరి నీళ్ళు తాగకూడదు, ముఖ్యంగా పనస తొన ముట్టుకోకూడదు. చెప్పొచ్చేదేమిటంటే, ఆయన ఇంటి పక్కన ఉన్నది ఆ చుట్టుపక్కల అందరూ చెప్పుకునే పనస చెట్టు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ చెట్టు కింద మావ నాకు ఒకే కథ మొదలుపెట్టేవాడు. "ఒరే, ఈ మొక్క నాను ఎక్కణ్ణుంచి తెచ్చినానో తెల్సా?" అనేవాడు. నేను "తెల్సు మావా, తెల్సు" అని కాయల మీదకి పోయేవాణ్ణి. ఆయన "తెల్సేటి? సరే మరి" అని ఊరుకునేవాడు. పదిసార్లు మొదలుపెట్టి ఉంటాడు, పదిసార్లూ అంతే.

ఆ పనస తుఫానుకి పక్కకి ఒరిగి పడిపోయింది. ఒకవైపు వేళ్ళు గాలిలోకి లేచాయి, రెండోవైపు వేళ్ళు ఇంకా మట్టిలోనే ఉన్నాయి. ఊళ్ళోవాళ్ళందరూ కొట్టేసి కలప చేసుకోమన్నారు. మావ వినలేదు. "సగం వేరు నేల్లోనే ఉన్నాది, సచ్చిపోనాదని ఎవుడన్నాడు? దాన్ని లేపాల" అని కూర్చున్నాడు. పైకి తేలిన వేళ్ళకి తడి గోనెలు కప్పి అత్త రెండు పూటలా నీళ్ళు పోసేది. "నా సీసాలోవి కూడా దానికే పొయ్యి, నాకన్నా అది మేలు" అనేవాడు మావ. అది వేళాకోళం కాదని అత్తకి తెలుసు, అందుకే ఆ మాట అన్నప్పుడల్లా కసిరేది. చివరికి దారులు బాగుచెయ్యడానికి వచ్చిన పొక్లెయిన్ డ్రైవరు కాళ్ళా వేళ్ళా పడితే ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం మూడింటికి వస్తాను, అరగంటే ఉంటాను, ఆ తరవాత జలంత్రకోట వైపు వెళ్ళిపోతాను, ఈలోగా కొమ్మలన్నీ కోసి మాను తేలిక చేసి పెట్టండి, కొమ్మలుంటే మాత్రం బెల్టు వెయ్యను అని చెప్పాడు. అప్పటికే వేళ్ళు గాలికి ఎండబట్టి పది రోజులు. ఆ పొక్లెయిన్ తప్పితే ఇంకోటి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అందుకే మావ నాకు కబురు పెట్టాడు. నేను మిషను భుజాన వేసుకుని సేనాపతిలా దిగాను.

పొద్దున్నే మిషను విప్పి చూస్తే గొలుసు నూనె తొట్టి ఖాళీ. డబ్బా ఆటోలో పోయిందని చెప్పడానికి నోరు రాలేదు (తెల్సు గాడు డబ్బా పారేసుకుంటాడా?). దుకాణాలన్నీ మూత. పాత ఇంజను నూనె కోసం ఊరంతా తిరిగి, చివరికి రేవులోకి వెళ్ళాను. అక్కడ మావకి చిన్ననాటి స్నేహితుడు ఒకాయన ఉండేవాడు, చేపలు పట్టే ఇంటివాడు. ఎప్పుడో ఒక సొర చేప తన వల చింపేసిన సంగతి ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు కాబట్టి మేం ఆయన్ని సొర తాత అనేవాళ్ళం. రేవులో అందరూ ఫైబరు పడవలకి మారిపోయినా ఆయన మాత్రం చెక్క పడవ వదల్లేదు. దానికి తుఫానులో తగిలిన దెబ్బలు బాగుచేసి, జీడి నూనె పూస్తున్నాడు. జీడిపిక్కల పెంకు నుంచి తీసే నూనె అది, పలాస బట్టీల నుంచి వస్తుంది, నల్లగా, చిక్కగా ఉంటుంది. "ఇది పూసినానంటే సంద్రపు నీరు సెక్కలోకి దిగదురా మనవడా. నీ గొలుసెంత?" అని ఒక డబ్బాడు పోసిచ్చాడు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నూనెకి ఉండాల్సిన లక్షణాలన్నీ దానికి ఉన్నాయి. నల్లగా ఉంది, జిడ్డుగా ఉంది, ఊరికే వచ్చింది.

ఇంటికి తెచ్చి తొట్టిలో పోస్తుంటే, అరుగు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మావ వాసన పట్టాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన పలాసలో జీడిపిక్కలు కాల్చే బట్టీలో నాలుగేళ్ళు పనిచేశాడు. "ఒరే, అది జీడి నూనె కాదేటి? అది వేడి తగిలితే..." అన్నాడు. "తెల్సు మావా, తెల్సు" అన్నాను, తాడు లాగి మిషను స్టార్టు చేస్తూ. ఆ చప్పుడులో ఆయన మిగతా మాట వినపడలేదు. చప్పుడు లేకపోయినా వినేవాణ్ణి కాదు, అబద్ధం ఎందుకు.

మొదటి అరగంట నా జీవితంలో అత్యంత గొప్ప అరగంట. చిన్న కొమ్మలు టపటపా రాలిపోయాయి. ఊళ్ళో పనిలేనివాళ్ళందరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. నేను అవసరం లేకపోయినా మధ్యమధ్యలో ఇంజను బర్రుమనిపించి, చెమట మోచేత్తో తుడుచుకుంటూ, అందరి వైపూ చూస్తున్నాను. పెద్ద కొమ్మ మీద పెట్టాను. సగం దిగింది. ఇంకా నొక్కాను. కమ్మటి పనస రంపపు పొట్టు వాసన పోయి, ఏదో మాడుతున్న వాసన మొదలైంది. పట్టీ మీద నుంచి పొగ లేచింది. గొలుసు కీచుమని అరిచి, రెండు కుదుపులు కుదిపి, ఆగిపోయింది. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. నూనె రావాల్సిన చోట నూనె చుక్క లేదు. అప్పటికే నా చేతుల మీదా, మెడ మీదా, ముక్కు మీదా చిటచిటమని మంట. గొలుసు చిమ్మిన జీడి నూనె పడిన ప్రతి చోటా చర్మం ఎర్రబడుతోంది. దోమలు అని చెప్పాను. (పట్టపగలు, ఎర్రటి ఎండలో, దోమలు!)

ఊళ్ళో సెల్లు సిగ్నలు ఒక్క చోటే అందేది, ఇంటి వెనక ఇసక దిబ్బ మీద, అదీ సముద్రం వైపు తిరిగి ఎడమ చెయ్యి పైకెత్తితే. గంట పదకొండయింది. దిబ్బ ఎక్కి గురువుగారికి ఫోన్ చేశాను. "గురూగారూ, గొలుసుకి నూనె రావట్లేదు." "తొట్టిలో ఉన్నాదా నూనె?" "ఉంది." "పట్టీ ముక్కు తెల్ల కాయితం వేపు తిప్పి రేసు పెంచు. కాయితం మీద నూనె గీత పడాల. పడితే ఉన్నట్టు, నేపోతే నేనట్టు. సూసి సెప్పు." ఆ దిబ్బ మీద నుంచి చెట్టు దగ్గరికి పరుగు. తుఫానులో తడవని తెల్ల కాగితం ఆ ఊళ్ళో ఎక్కడుంది? పుస్తకాలు, పంచాంగం అన్నీ ముద్దలైపోయాయి. మావ తన కుర్చీ పక్కన ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉన్న ఆసుపత్రి ఫైలు తీసి, అందులోంచి ఒక కాగితం లాగి, వెనక తెల్లగా ఉన్న వైపు తిప్పి మానుకి ఆనించి పట్టుకోమని అత్తకిచ్చాడు. "దీని మీద కొట్టు. రాసినవేపు మంచి కబురేటీ నేదు, యెనకాతలైనా ఏదైనా పడితే పడనీ" అన్నాడు. అత్త ఆయన వైపు గుర్రుగా చూసింది గానీ కాగితం పట్టుకుంది. నేను రేసు పెంచాను. నల్లటి పొట్టు నాలుగు ముక్కలు పడ్డాయి తప్పితే గీత పడలేదు.

మళ్ళీ దిబ్బ. "పట్టీ ఇప్పు. పట్టీకి కన్నం ఉంటాది, నూనె వచ్చే కన్నం, అది మూసుకుపోయిందేమో సూడు." మళ్ళీ పరుగు. విప్పి చూస్తే కన్నమూ కనిపించలేదు, గాడీ కనిపించలేదు. అంతా ఒకటే నల్లటి బంక. గీకితే గోళ్ళ కింద చేరింది గానీ రాలేదు. మళ్ళీ దిబ్బ. ఆయన అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "నూనె ఏటి పోసినావు?" ఆ ఒక్క ప్రశ్నకి నిజం చెప్పి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. సముద్రం వైపు తిరిగి, ఎడమ చెయ్యి పైకెత్తి నిలబడి, నేను గొంతు సవరించుకుని అన్నాను: "మీరిచ్చిందే గురూగారూ." అవతల ఆయన కాసేపు ఆలోచించారు. పాపం, నా అబద్ధాన్ని నమ్మి దాని మీద బుర్ర పెట్టి ఆలోచించారు. "అయితే లోపల పంపు పోనాది. అక్కడ అవదు. మిషను పట్టుకుని షాపుకొచ్చీ" అన్నారు.

దిబ్బ దిగేటప్పుడు కాళ్ళు ఇసకలో కూరుకుపోయాయి. ఒంటిగంట దాటింది. షాపుకి వెళ్ళి రావాలంటే రాత్రవుతుంది. మూడింటికి పొక్లెయిన్ వస్తుంది, కొమ్మలు చూసి వెళ్ళిపోతుంది. కింద మావ కుర్చీలో కూర్చుని, పడిపోయిన చెట్టు మీద చెయ్యి వేసి, నా వైపే చూస్తున్నాడు. జబ్బు మనిషి, ఎండలో ఎంతసేపటి నుంచి కూర్చున్నాడో. నేను దగ్గరికి వెళ్ళేసరికి "ఏటన్నాడు మీ గురువు?" అన్నాడు. పంపు పోయిందన్నారని చెబుదామనుకున్నాను. నా నోట్లోంచి ఇంకేదో వచ్చింది. డబ్బా ఆటోలో మర్చిపోయిన సంగతి, సొర తాత సంగతి, గురువుగారికి చెప్పిన అబద్ధం సంగతి, ముక్కు మీద దోమల సంగతి, అన్నీ చెప్పేసి, "ఇప్పుడేం చెయ్యాలో నాకు తెలీదు మావా" అన్నాను. ఏడ్చానని ఒప్పుకోడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు. మావ తిట్టలేదు. అత్త వైపు తిరిగి "ఇన్నావా? మనోడికి తెలీదంట. తుపాను ఊరికే రానేదు" అన్నాడు.

అత్త అప్పటికే కింద కూర్చుని, నేను విప్పి పడేసిన పట్టీ చేతిలోకి తీసుకుంది. ఆ బంకని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పెట్టి సాగదీసి, వాసన చూసింది. "ఇందల సగం పనస జిగురేరా. జీడి నూనె, పనస పాలు, పొట్టు, మూడూ కలిపి వేడి మీద ఉడకబెట్టినావు" అంది. "పనసకాయ కొయ్యాలంటే ముందు కత్తికీ సేతులకీ కొబ్బరి నూనె రాసుకోమా? సిన్న గుంటలకి కూడా తెలుసును. కాయ కొయ్యడానికే అంతుంటే సెట్టు కోత్తన్నావు, పొడి కత్తి ఎట్టీసి!" ఉద్దానంలో పుట్టి, వేసవి సెలవలన్నీ ఆ చెట్టు కిందే గడిపి, అత్త కత్తికి నూనె రాయడం కొన్ని వందలసార్లు చూసినవాణ్ణి.

మావ కుర్చీలోంచి బట్టీ రోజుల సంగతి అందుకున్నాడు. పొద్దున నేను ఆపేసిన వాక్యం అది. "జీడి నూనె వేడి తగిలితే తారులాగ పట్టీసుకుంటాదిరా. నీళ్ళకి రాదు, సబ్బుకి రాదు. బట్టీలో మేం కిరసనాయిలు ఎట్టి కడిగీవోళ్ళం. తొట్టె లోపల కూడా కడగాల, ఒక్కసారి కాదు, రెండు మూడు తడవలు." ఈసారి పూర్తిగా విన్నాను. కరెంటు లేక లాంతర్ల కోసం తెచ్చుకున్న కిరసనాయిలుంది. అత్త చేతులకి కొబ్బరి నూనె రాసుకుని, నా చేతులకీ ముక్కుకీ కూడా రాసి, పట్టీని కిరసనాయిల్లో నానబెట్టి, కొబ్బరి ఈనె ఒకటి విరిచి గాడిలోంచి బంకని పేగులా బయటికి లాగింది. తరవాత అదే ఈనెతో నూనె కన్నం పొడిచింది. తొట్టిలో కిందుండే జాలీని నేను గొడుగు కమ్మీ వంచి పైకి తీశాను. అది జాలీలా లేదు, చలిమిడి ఉండలా ఉంది. దాన్ని కడిగి, తొట్టి మూడుసార్లు కిరసనాయిలుతో గిలకరించి పారబోశాం. అంతా అయ్యేసరికి రెండుంబావు. ఇక పొయ్యడానికి నూనె కావాలి. అత్త ఒక్క క్షణం ఆలోచించి, లోపలికి వెళ్ళి, సొంత చెట్ల కాయలు ఎండబెట్టి గానుగ ఆడించిన కొబ్బరి నూనె డబ్బా తెచ్చింది. ఆ ఏడాదికి అదే ఆఖరి డబ్బా, కాయలిచ్చిన చెట్లన్నీ కళ్ళ ముందే పడి ఉన్నాయి. "తలకి రాసుకోపోతే తల ఎక్కడికీ పోదు, పొయ్యి" అంది.

అదే ఆసుపత్రి కాగితం మళ్ళీ మానుకి ఆనించాం. రేసు పెంచాను. కాగితం మీద సన్నటి గీత, తడిగా, నిలువుగా, మెల్లగా కిందకి పాకింది. చుట్టూ ఉన్నవాళ్ళు అరిచారు. మావ కాగితం తీసుకుని ఎండకి ఎత్తి పట్టుకుని చూశాడు. నూనె గీత పడిన మేరకి అవతలి వైపు రాతలు ఇటు కనిపిస్తున్నాయి. "ఈ రిపోర్టొకటే బాగొచ్చినాది" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తరవాత మిషను ఎలా నడిచిందో చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది వాసన గురించి. వేడి గొలుసు మీద కొబ్బరి నూనె, కోసిన పనస కొమ్మలు, ఊరంతా ఎవరింట్లోనో పిండివంట చేస్తున్నట్టు ఘుమఘుమలాడింది. తుఫాను వచ్చినప్పటి నుంచి ఆ ఊళ్ళో బురద వాసన, కుళ్ళిన ఆకుల వాసన తప్పితే ఇంకోటి లేదు. రేవులోంచి సొర తాత కూడా ఆ వాసన పట్టుకుని వచ్చి, "ఏటి బావా, సెట్టు పడిపోనాదని బూరెలు ఒండుతున్నారేటి?" అన్నాడు. మూడింటికి పొక్లెయిన్ వచ్చేసరికి చివరి కొమ్మ నేల మీద పడింది. బెల్టు వేసి, డ్రైవరు మెల్లమెల్లగా ఎత్తాడు. మాను కిర్రుమంటూ లేచింది. అది లేస్తుంటే, దానితో పాటు మావ కూడా కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. అది నిటారుగా నిలబడేదాకా కూర్చోలేదు. మేమంతా వేళ్ళ మీద మట్టి పోసి తొక్కాం. కొమ్మలన్నీ పోయి మోడులా ఉన్న ఆ చెట్టుని చూసి మావ "బోడి గుండు బాగున్నాది" అన్నాడు.

పలాసలో నన్ను చూడగానే గురువుగారు నా ముక్కు మీద, మెడ మీద నల్లగా మాడిన మచ్చలు తేరిపార చూశారు. జీడి నూనె మచ్చ గుర్తుపట్టని మనిషి పలాసలో పుట్టలేదు. "నానిచ్చిన నూనె మచ్చలు కూడా ఏత్తాదేటి?" అని మాత్రం అన్నారు. నెల రోజులు మొహం పొలుసులు ఊడుతూ తిరిగాను. షాపుకొచ్చిన ప్రతివాడూ అదేంటని అడిగేవాడు, ఆయన ఒక్కడికీ చెప్పలేదు.

చెట్టు బతికింది. మూడో ఏడు రెండు కాయలు కాసింది. ఒకటి పండాక అత్త కబురు పెట్టింది. కత్తికి నూనె రాసి, కాయ చీల్చి, తొనలు వలిచి పళ్ళెంలో పెట్టింది. మావ అప్పటికి బాగా చిక్కిపోయాడు. పళ్ళెం ముందు కూర్చుని, ఒక తొన చేతిలోకి తీసుకుని, వాసన చూసి, నాకిచ్చాడు. "తిను. రుసి ఎలగున్నాదో సెప్పు" అన్నాడు. నేను తిని చెప్పడం మొదలుపెట్టాను, తీపి ఎలా ఉందో, లోపల కాస్త గట్టిగా, చివర్న తేనె తగిలినట్టు... సగంలో మావ చెయ్యి అడ్డం పెట్టాడు. "తెల్సు, తెల్సు" అన్నాడు, అచ్చం నాలాగే, నాలాగే కళ్ళు ఎగరేసి. ముగ్గురం పగలబడి నవ్వాం. అత్త నవ్వుతూ నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయింది, చాలాసేపు రాలేదు. తరవాతి కాపుకి మావ లేడు.

ఇప్పుడు నా షాపుకి ఎవరైనా మిషను పట్టుకొచ్చి గొలుసుకి నూనె రావట్లేదంటే, పానా ముట్టుకోకముందే "ఏటి పోసినారు?" అని అడిగి, స్టూలు వేసి కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పేదంతా వింటాను. కొందరు మిషను సంగతితో మొదలుపెట్టి పిల్లల పెళ్ళిళ్ళ దాకా చెబుతారు, అయినా వింటాను. మొన్న వేసవిలో అత్త దగ్గరికి వెళ్ళి ఆ చెట్టు కింద కూర్చున్నాను. మళ్ళీ కొమ్మలు దట్టంగా వచ్చి నీడ పట్టింది. ఆ నూనె గీత కాగితం అత్త ఇంకా ఫైల్లో దాచి ఉంచింది, గీత మాత్రం పసుపురంగు తిరిగింది. అదీ ఇదీ మాట్లాడుతూ, "అత్తా, ఇంతకీ మావ ఈ మొక్క ఎక్కణ్ణుంచి తెచ్చాడు?" అని అడిగాను. అత్త తొన వలవడం ఆపి నా వైపు వింతగా చూసింది. "నాకెలగ తెలుత్తాదిరా? నాను కాపరానికి వచ్చేసరికే ఇది ఇంత సెట్టు. అడిగితే, అది నీ మేనల్లుడికి సెప్పీసినాను, ఆడికి తెల్సు అనీవోడు" అంది.

సొర తాతని అడిగాను, ఆయనకీ తెలియదు. ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. ఎక్కడో నందిగాం సంతలోనో, కోటబొమ్మాళి స్టేషను పక్కనో, ఎవరో ఇచ్చి ఉంటారు, ఎందుకో ఇచ్చి ఉంటారు, దాన్ని పట్టుకుని మావ అంత దూరం ఎలాగో వచ్చి ఉంటాడు. ఆ ఇరవై ఒక్క ఏళ్ళ వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, ముక్కు మీద మచ్చలతో, భుజాన మిషనుతో, ఒక్క నిమిషం ఆగడానికి తీరిక లేకుండా. వాడు ఎదురైతే తిట్టను. ఆ చెట్టు కింద మావ ఎదురుగా కూర్చోబెట్టి, "తెలీదు మావా, చెప్పు" అనమంటాను.